రైలు పాట కట్టిన హరీన్ తాత

ఈ సంచికలో మన వీరుల గురించి, మన పండుగల గురించి, మన భూమి గురించి పెద్దలు రాస్తున్నారు. వసతి గృహంలో రాత్రీ పగలూ పిల్లల మధ్య ఉండే మేము, పిల్లల కోసం పాటలు కట్టి, వాటిని తానే ఆడి పాడి చూపిన ఒక కళాకారుడి గురించి రాస్తున్నాం. ఆయన పేరు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ. తెలిసినవాళ్ళు హరీన్ అనేవారు. 1898 ఏప్రిల్ 2న హైదరాబాదులో పుట్టారు. 1990 జూన్ 23న ముంబైలో కన్నుమూశారు.

ఆయన ఆదివాసీ కాదు. హైదరాబాదులో స్థిరపడిన బెంగాలీ కుటుంబంలో పుట్టినవారు. అయినా మన యువతీ యువకులు ఆయన జీవితం తెలుసుకోవాలని మేము కోరుకుంటున్నాం. ఎందుకంటే, ఇంగ్లీషులో కవిగా పేరు పొందిన ఆ మనిషి దేశంలో లక్షలమంది పిల్లల నోటికి చేరింది మాత్రం ఒక రైలు పాటతో. ఆ పాటలో పెద్ద పెద్ద మాటలు లేవు. ఊళ్ళ పేర్లు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి, సంత ఉంది. మన ఊరి పేరు చెప్పుకోవడానికి మన పిల్లలే మొహమాటపడుతున్న ఈ రోజుల్లో ఆ పాట మనకు పనికొచ్చే పాట.

చదువుల ఇల్లు

హరీన్ తండ్రి డాక్టర్ అఘోరనాథ్ చటోపాధ్యాయ. బెంగాల్ నుంచి స్కాట్లండు వెళ్ళి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సైన్సులో డాక్టరేటు పొందారు. తిరిగి వచ్చాక నిజాం ప్రభుత్వం పిలుపు మీద హైదరాబాదు వచ్చి ఇంగ్లీషు చదువుల కళాశాలను నడిపారు. అదే తరువాత నిజాం కళాశాల అయింది. తల్లి వరదసుందరి. ఈ దంపతులకు ఎనిమిదిమంది పిల్లలు. అందరిలోకీ పెద్దది మనం పాఠాల్లో చదువుకున్న సరోజినీ నాయుడు. తమ్ముడు హరీన్ పుట్టేనాటికి ఆమెకు 19 ఏళ్ళు. మరో అన్న వీరేంద్రనాథ్ విప్లవకారుడు. చదువుకని విదేశాలకు వెళ్ళి, అక్కడే స్వాతంత్ర్యం కోసం పనిచేస్తూ ఇక తిరిగి రాలేదు. చెల్లెలు సుహాసిని కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్ళారు.

ఆ ఇంటి గురించి ఒక సంగతి మన పిల్లలు తెలుసుకోవాలి. హరీన్ పుట్టకముందు, 1883లో, నిజాం రాజ్యంలో చాందా రైలుమార్గం గొడవ జరిగింది. హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా చాందా దాకా రైలు వేయాలని ప్రభుత్వం ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందానికి సిద్ధమైంది. చాందా అంటే నేటి చంద్రపూర్. ఒకప్పుడు గోండు రాజులు ఏలిన కోట ఊరు. ఆ ఒప్పందం వల్ల రాజ్యం మీద ఎంత అప్పు పడుతుంది, లాభం ఎవరికి పోతుంది, వివరాలు జనం ముందు పెట్టండి అని అఘోరనాథ్, ఆయన మిత్రులు అడిగారు. అలా అడిగినందుకు ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసి హైదరాబాదు నుంచి పంపించేశారు. కొన్నాళ్ళకు మళ్ళీ పిలిపించారు. మన ప్రాంతాల మీదుగా రోడ్డు, రైలు, గని ఏది వచ్చినా ప్రశ్న అడగడం మన హక్కు అని ఈ రోజు మన సంఘాలు చెబుతున్నాయి. నూట నలభై ఏళ్ళ కిందట హైదరాబాదులో ఒక పంతులుగారు అదే పని చేసి ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ తండ్రి కొడుకే రైలు పాట కట్టిన హరీన్.

ఇంట్లో బెంగాలీ, ఊళ్ళో ఉర్దూ, తెలుగు, చదువులో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరగడం హరీన్‌కు బరువు కాలేదు. చెవి పదునెక్కింది. మన పిల్లలకు కూడా ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. దీన్ని వెనకబాటు అని చాలామంది అంటారు. హరీన్‌కు ఇదే పెట్టుబడి అయింది. ఆయనకు అండగా చదువుకున్న ఇల్లు ఉంది, పుస్తకాలు ఉన్నాయి, పేరున్న అక్క ఉంది. మన పిల్లలకు ఆ అండ మనమే కావాలి. తేడా అక్కడ ఉంది, భాషల్లో లేదు.

ఇరవై ఏళ్ళకే పుస్తకం

1918లో, ఇరవై ఏళ్ళ వయసులో, హరీన్ మొదటి ఇంగ్లీషు కవితల పుస్తకం ‘ది ఫీస్ట్ ఆఫ్ యూత్’ వచ్చింది. అరవిందుల వంటి పెద్దలు ఆ పుస్తకాన్ని మెచ్చుకున్నారు. సరోజినీ నాయుడు తమ్ముడు అనే పేరు పోయి, తన పేరే తనకు నిలిచింది.

ఆ తరువాత ఆయన కమలాదేవిని పెళ్ళి చేసుకున్నారు. కమలాదేవి మంగళూరు అమ్మాయి, చిన్న వయసులోనే భర్తను కోల్పోయింది. విధవరాలికి మళ్ళీ పెళ్ళి ఏమిటని లోకం నోరు నొక్కుకునే కాలం అది. కులం వేరు, భాష వేరు. ఇద్దరూ లెక్కచేయలేదు. ఇద్దరికీ నాటకమంటే ప్రాణం. ఆయన రాసేవారు, ఇద్దరూ కలిసి వేషం కట్టేవారు. గౌరవమైన ఇంటి ఆడపిల్ల రంగస్థలం ఎక్కకూడదన్న రోజుల్లో కమలాదేవి ఎక్కారు.

ఆ కాపురం నిలవలేదు. కొన్నేళ్ళకు ఇద్దరూ విడిపోయారు. కమలాదేవి తరువాత దేశమంతా తిరిగి చేనేత, కుమ్మరి, వెదురు వంటి చేతివృత్తులకు గౌరవం తెచ్చారు. కళాకారుడి జీవితం అంటే చప్పట్లు మాత్రమే అని మన పిల్లలు అనుకోకూడదు. హరీన్ నిలకడ లేని మనిషి. కొంతకాలం నాటకం, కొంతకాలం పుదుచ్చేరి అరవిందాశ్రమం, కొంతకాలం ఉద్యమం. ఒక చోట కాలు నిలవలేదు. ఆ తిరుగుడులో ఇంటివాళ్ళు పడే కష్టం ఇంటివాళ్ళకే తెలుస్తుంది. ఇన్ని మారినా, పాటను మాత్రం ఆయన ఎక్కడా వదల్లేదు.

పాట పట్టుకుని జనంలోకి

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో హరీన్ హిందీలో ఉద్యమ గీతాలు కట్టి, తానే గొంతెత్తి పాడారు. జైలుకు కూడా వెళ్ళారు. అప్పటిదాకా ఆయన కవిత చదవాలంటే ఇంగ్లీషు రావాలి. పుస్తకం కొనాలి. ఇప్పుడు పాట వినడానికి చెవి ఉంటే చాలు. ఇంగ్లీషు రాయడం ఆయన మానలేదు గానీ, జనంలో ఉన్నప్పుడు జనం మాటనే పట్టుకున్నారు.

1937లో ‘ఫైవ్ ప్లేస్’ అని ఐదు చిన్న నాటకాల పుస్తకం వచ్చింది. పురాణాలు, రాజుల కథలు పక్కనపెట్టి, మిల్లు కార్మికుల గది, పేదవాడి ఇల్లు రంగస్థలం మీదకు తెచ్చారు. అభ్యుదయ రచయితలకు, ప్రజా నాటక ఉద్యమానికి దగ్గరయ్యారు. మన తెలుగు ప్రాంతంలో ప్రజానాట్యమండలి బుర్రకథలు చెబుతూ ఊరూరా తిరిగిన ఉద్యమం కూడా ఆ కుదురులోదే.

బెజవాడ పంపిన కవి

1952లో స్వతంత్ర భారతదేశపు తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర రాష్ట్రం అప్పటికి ఏర్పడలేదు, బెజవాడ మద్రాసు రాష్ట్రంలో ఉంది. కమ్యూనిస్టుల మద్దతుతో హరీంద్రనాథ్ చటోపాధ్యాయ బెజవాడ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు నిలబడ్డారు. గెలిచారు. 1957 వరకు మొదటి లోక్‌సభలో సభ్యులుగా ఉన్నారు.

ఒక బెంగాలీ కవిని, ఇంగ్లీషులో రాసేవాడిని, తెలుగు రైతులూ కూలీలూ ఓటేసి ఢిల్లీ పంపారు. మన ప్రాంతం నుంచి పోటీ చేసే వాళ్ళకు డబ్బు ఎంత ఉంది, కాంట్రాక్టులు ఎన్ని ఉన్నాయి అని లెక్కలు వేసే ఈ రోజుల్లో, పాట పాడేవాడు కూడా ప్రజాప్రతినిధి అయ్యాడన్న సంగతి మన యువత గుర్తుపెట్టుకోవాలి.

వేషం కట్టిన తాత

అరవై దాటాక హరీన్ సినిమాల్లో కనిపించడం మొదలుపెట్టారు. ఆ వయసులో మనవాళ్ళు అరుగు మీద కూర్చుంటారు. ఆయన కొత్త వేషాలకు సిద్ధమయ్యారు. 1962లో వచ్చిన ‘సాహిబ్ బీబీ ఔర్ గులాం’లో ఆ పెద్ద బంగళా గడియారాలు చూసుకునే ముసలి ఘడీబాబు ఆయనే. కూలిపోతున్న జమీందారీకి కాలం దగ్గరపడిందని చెప్పే పాత్ర అది.

సత్యజిత్ రే ఆయన్ని పిల్లల సినిమాల్లోకి తీసుకున్నారు. 1969లో విడుదలైన ‘గూపీ గాయేన్ బాఘా బాయేన్’లో బర్ఫీ అనే మాంత్రికుడి వేషం ఆయనది. అందులో ఆయనకు అర్థమయ్యే మాట ఒక్కటీ లేదు. వింత శబ్దాలు, కనుబొమలు, చేతులు, గంతులు. భాష రాని పిల్లవాడు కూడా ఆ పాత్రను చూసి నవ్వుతాడు. 1974లో వచ్చిన ‘సోనార్ కెల్లా’లో అన్నీ గుర్తుపెట్టుకునే సిధూ పెదనాన్న ఆయనే. 1972లో హృషీకేశ్ ముఖర్జీ తీసిన ‘బావర్చీ’లో ఇంటి పెద్ద తాత వేషం వేశారు. అందులో తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ కలిసి పాడే పాటలో ఆయన సొంత గొంతు కూడా వినిపిస్తుంది.

1973లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది.

మట్టి గురించి రెండు కవితలు

ఆయన ఇంగ్లీషు కవితలు కొన్ని బడి పుస్తకాల్లో ఉన్నాయి. వాటిలో రెండు కవితల గురించి మన పిల్లలకు చెప్పాలి.

మొదటిది ‘ది ఎర్తెన్ గాబ్లెట్’. కుమ్మరి చేసిన ఒక ఎర్రటి మట్టి గిన్నెను కవి అడుగుతాడు, చక్రం మీద తిరుగుతున్నప్పుడు నీకేమనిపించింది అని. ఆ గిన్నె తన అందం గురించి, కుమ్మరి నేర్పు గురించి గొప్పలు చెప్పుకోదు. ఆ చేతుల నుంచి తప్పించుకోవాలనిపించింది అంటుంది. మట్టిగా ఉన్నప్పుడు తనలో వేరు దిగిన ఒక చిన్న పువ్వుతో తనకున్న స్నేహాన్ని తలుచుకుని బాధపడుతుంది.

ఈ కవిత చదివినప్పుడల్లా మాకు ఆశ్రమ పాఠశాల గుర్తొస్తుంది. పిల్లను ఆరేళ్ళకే ఇంటి నుంచి తీసుకొచ్చి, జుట్టు దువ్వి, యూనిఫాం తొడిగి, గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం నేర్పుతాం. నేర్పాలి. చదువు లేకపోతే ఆ పిల్ల బతుకు ఏమవుతుందో మనందరికీ తెలుసు. మేము ఆ పని మీద నమ్మకంతోనే చేస్తున్నాం. అయితే ఆ పిల్లలో వేరు దిగిన పువ్వు ఒకటి ఉంటుంది. అమ్మమ్మ పాడిన పాట, వాళ్ళ మాట, వాళ్ళ కొండ పేరు, వాళ్ళ ఊరి పేరు. గిన్నె గట్టిగా తయారవ్వాలి, పువ్వు బతకాలి. ఈ రెండూ ఒకేసారి చేయడమే మా ఉద్యోగంలో అసలైన కష్టం. సర్క్యులర్లలో ఇది ఎక్కడా రాసి ఉండదు.

రెండవ కవిత ‘ది షేపర్ షేప్డ్’. అందులో ఒకప్పుడు గర్వంగా కుండలు చేసిన కుమ్మరి ఇప్పుడు తానే మట్టి కావడం నేర్చుకుంటాడు. కవి తన కవితనాన్ని పక్కనపెట్టి తానే పాటగా మారడం నేర్చుకుంటాడు. హరీన్ జీవితం చూస్తే ఆ కవిత అబద్ధం కాదనిపిస్తుంది. పిల్లల ముందు నిలబడినప్పుడు ఆయన గొప్ప కవిలా నిలబడలేదు. ముఖం, గొంతు, చేతులు, అన్నీ పాటకే ఇచ్చేశారు.

రైలు పాట నడిచే తీరు

1968లో హృషీకేశ్ ముఖర్జీ ‘ఆశీర్వాద్’ సినిమా తీశారు. కూతురికి దూరమై ఒంటరిగా బతికే జోగి ఠాకూర్ పాత్రలో అశోక్ కుమార్ నటించారు. ఆ పాత్రకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ సినిమాలో ఆయన పార్కులో పిల్లల్ని చుట్టూ చేర్చుకుని రైలు పాట పాడతారు. సంగీతం వసంత్ దేశాయ్. మాటలు హరీంద్రనాథ్ చటోపాధ్యాయవి. అప్పటికి హరీన్‌కు డెబ్బై ఏళ్ళు. అదే సినిమాలో అమ్మమ్మ పడవ మీద మరో పిల్లల పాట కూడా ఆయనదే.

యూట్యూబ్‌లో ఆ రైలు పాట దొరుకుతుంది, వినండి. హిందీ రాకపోయినా ఫరవాలేదు. మొదట బండి మెల్లగా కదులుతుంది. మాటలు విడివిడిగా పడతాయి. తరువాత వేగం పుంజుకుంటుంది. కిటికీలోంచి కనిపించేవన్నీ రెండేసి మాటల్లో దాటిపోతాయి. పొలం, కళ్ళం, ముసలి రైతు, టీ కొట్టు, బావి, తోట, చాకిరేవు, వారపు సంత, తిరునాళ్ళు. ఏదీ ఒక్క క్షణం మించి ఆగదు. అంతలో స్టేషన్లు వస్తాయి. ఒకేలా మోగే ఊళ్ళ పేర్లను ఆయన జంటలు జంటలుగా ఏరి పెట్టారు. ఒక పేరు వెనక మరో పేరు చక్రం మీద చక్రంలా దొర్లుతుంది. పాడేవాడికి ఊపిరి ఆడదు, వినేవాడికి నవ్వు ఆగదు. చివరికి బండి నెమ్మదించి ఆగుతుంది.

టీచర్ ట్రైనింగులో మాకు ఆటపాటలతో బోధన అని ఒక పాఠం ఉండేది. ఆ పాఠమంతా ఈ ఒక్క పాటలో ఉంది. నాలుక తిరగడం, ఊపిరి పట్టడం, దరువు తప్పకపోవడం, వరస గుర్తుపెట్టుకోవడం, ఊళ్ళ పేర్లు తెలుసుకోవడం. పిల్లకు ఇవన్నీ నేర్పుతున్నట్టు తెలియదు. ఆడుకుంటున్నాననుకుంటుంది. దేశంలో ర్యాప్ అనే మాట వినిపించకముందే ఆ పని చేసిన పాట ఇది అని ఈ కాలం కుర్రవాళ్ళు మెచ్చుకుంటున్నారు.

ఆ పాటలో ముఖ్యమైన కిటుకు ఒకటుంది. అందులో ఏ ఊరూ గొప్పది కాదు, ఏ ఊరూ తక్కువది కాదు. పెద్ద పట్టణం పేరు, ఎవరికీ తెలియని ఊరి పేరు ఒకే దరువు మీద పక్కపక్కనే కూర్చుంటాయి. బాగా మోగితే చాలు, పాటలో చోటు ఉంది.

మా పిల్లల బండి

మా వసతి గృహంలో కొత్తగా చేరిన పిల్లను మీది ఏ ఊరు అని అడిగితే చాలాసార్లు మండలం పేరు చెబుతుంది. మళ్ళీ అడిగితే పంచాయతీ పేరు చెబుతుంది. మూడోసారి అడిగితే గానీ అసలు ఊరి పేరు బయటకు రాదు, అది కూడా గొంతులోనే. ఎక్కడో ఎవరో ఆ పేరు విని నవ్వి ఉంటారు. ఇదెక్కడి పేరు అని ఉంటారు. పిల్ల అది మరిచిపోదు.

ఒక ఆదివారం మేము పిల్లలకు ఆ రైలు పాట స్పీకరు పెట్టి వినిపించాం. అరకు, అనంతగిరి వైపు పిల్లలకు రైలు తెలుసు. పెదబయలు, ముంచింగిపుట్టు వైపు పిల్లల్లో చాలామంది రైలు చూడలేదు. అయినా అందరి కాళ్ళూ కదిలాయి. మన రైలు కూడా కడదామా అని అడిగాం.

ముందు కొత్తవలస–కిరండోల్ లైను మీద కొండ ఎక్కించారు. బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. కొండ ఎక్కే బండి కాబట్టి పేరు పేరుకీ బరువుగా అడుగు వేయాలని వాళ్ళే తేల్చారు. సొరంగం వచ్చినప్పుడు అందరూ నోరు మూసి మూలిగారు. భోజనం పళ్ళేలే చక్రాలు. అరకు దాటాక పట్టాలతో పని లేదని, బండిని తమ ఊళ్ళ మీదుగా పోనిచ్చారు. వలసతో ముగిసే పేర్లు ఒక జట్టు, గుడతో ముగిసేవి ఒక జట్టు, పుట్టుతో ముగిసేవి ఒక జట్టు. మధ్యలో కిటికీలోంచి వలిసె పూలు, చోడి చేను, కాఫీ తోట, మిరియాల తీగ, పనసచెట్టు, అడ్డాకుల మోపు, సంత దాటిపోయాయి.

నాలుగో తరగతి పిల్ల ఒకామె మూడు రోజులు ఆ పాటలో చేరలేదు. వాళ్ళది పది పన్నెండు గడపల ఊరు. నాలుగో రోజు స్నేహితురాలి చెవిలో తన ఊరి పేరు చెప్పింది. ఆ పేరు దరువు మీద అందరి పేర్లకన్నా బాగా కూర్చుంది. పిల్లలు దాన్ని చివరి స్టేషను చేశారు. ఆదివాసీ దినోత్సవం నాడు, ఆగస్టు 9న, అందరి ముందు ఆ పాట ఆడినప్పుడు బండి ఆగింది ఆ ఊళ్ళోనే. వందమంది ఒక్క గొంతుతో ఆ పేరు అన్నారు. ఆ తరువాత ఎవరు అడిగినా ఆ పిల్ల మొదటిసారే ఊరి పేరు చెబుతోంది. మేము చెప్పదలుచుకున్నది ఇంతే. హరీన్ తాత ఎవరో ఆ పిల్లకు తెలియదు. ఆయన చూపిన కిటుకు ఆమెకు అందింది.

యువతకు మా మాట

మీలో చాలామంది మా వంటి వసతి గృహాల్లో చదువుకుని డిగ్రీలు పూర్తి చేసినవారే. ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారు. ఇంగ్లీషు నేర్చుకోండి, బాగా నేర్చుకోండి. హరీన్ ఇంగ్లీషు కూడా గొప్పదే. ఇంగ్లీషు వచ్చాక ఆయన సంతను, చాకిరేవును, చిన్న ఊరి పేరును తక్కువ చూడలేదు. దాన్ని మీరు పట్టుకోవాలి.

థింసా ఆడటానికి సంఘం పిలిస్తే రావడం లేదని, ఆడితే ఫొటో కోసం ఆడుతున్నారని పెద్దలు అంటున్నారు. పెద్దల మాటలో కొంత నిజం ఉంది. అయితే థింసా ఒక్కటే మన కళ కాదు. పిల్లను నిద్రపుచ్చే పాట, పిల్లను ఆడించే పాట, లెక్కపెట్టే పాట, పొలంలో పిట్టను తోలే కేక, పొడుపు కథ, ఇవన్నీ మన పిల్లల కవిత్వమే. వీటిని కట్టినవాళ్ళ పేర్లు ఎక్కడా రాసి లేవు. హరీన్‌కు పద్మభూషణ్ వచ్చింది. మన అవ్వలకు ఏమీ రాలేదు. వాళ్ళ పాట పోతే మాత్రం మళ్ళీ కట్టేవాళ్ళు లేరు.

అందుకే మీకు మూడు పనులు అప్పగిస్తున్నాం. ఒకటి, ఈ సెలవుల్లో మీ ఇంట్లోని అవ్వ, తాత, మేనత్త, ఎవరి నోట పిల్లల పాట ఉంటే దాన్ని ఫోనులో రికార్డు చేయండి. వాళ్ళ అనుమతి అడిగి, వాళ్ళ పేరు, ఊరి పేరు ముందుగా వాళ్ళ నోటితోనే చెప్పించండి. రెండు, మీ దగ్గరలోని వసతి గృహానికి నెలలో ఒక ఆదివారం వెళ్ళండి. వార్డెన్ అనుమతి తీసుకుని చిన్న తరగతి పిల్లలకు మీ భాషలో ఒక పాట నేర్పండి. కూర్చోబెట్టి బట్టీ పట్టించకండి. లేపి ఆడించండి. సిగ్గుపడకుండా ముందు మీరు గంతు వేయండి. డెబ్బై ఏళ్ళ మనిషి మాంత్రికుడై గంతులు వేయగా లేనిది, ఇరవై ఏళ్ళ మీకు సిగ్గెందుకు?

మూడవది అన్నిటికన్నా తేలిక. మీ ఊరి నుంచి సంతకు నడిచే దారిలో ఉన్న ఊళ్ళ పేర్లు, వాగుల పేర్లు, కొండల పేర్లు వరసగా ఒక కాగితం మీద రాయండి. డప్పు మీదో, పళ్ళెం మీదో దరువు వేస్తూ పైకి అని చూడండి. ఏ పేరు ఏ పేరు పక్కన మోగుతుందో మీ చెవే చెబుతుంది. అలా కట్టిన పాటను మా పిల్లలకు పంపండి. వాళ్ళ బండిలో ఇంకా చాలా చోటు ఉంది.